ప్లీహంలో దాగిన మట్టి సూక్ష్మజీవి

మానవ శరీరంలో గుండెకు, కాలేయానికి, మూత్రపిండాలకు ఉన్న ప్రఖ్యాతి ప్లీహానికి లేదు. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకల చాటున, పిడికిలంత ప్రమాణంలో, సుమారు 150 గ్రాముల బరువుతో ఉండే ఈ అవయవం ఆరోగ్యవంతుని పొట్టపై చేయి వేసి వెదికితే సాధారణంగా చేతికి తగలదు. మలేరియా జ్వరాలు ఊళ్ళను పీడించిన రోజులలో మాత్రం దీని సంగతి అందరికీ తెలిసేది. "కడుపులో బల్ల పెరిగింది" అని పెద్దలు చెప్పుకొన్నది ఈ ప్లీహాన్ని గురించే.

ప్లీహం చేసే పని వడపోత. ఆయువు తీరిన ఎర్ర రక్తకణాలను ఇది ఏరివేస్తుంది. రక్తప్రవాహంలో కొట్టుకొనివచ్చే సూక్ష్మజీవులను దీనిలోని భక్షక కణాలు పట్టి మింగివేస్తాయి. కల్లాపి నీళ్ళను గుడ్డతో వడగడితే మలినమంతా గుడ్డకే పట్టుకొన్నట్లు, రక్తంలోని శత్రువులన్నీ చివరకు ఇక్కడికే చేరుతాయి. చేరినవి చచ్చిపోయినంత కాలం చిక్కు లేదు. మింగిన కణంలోనే కాపురం పెట్టి పెరగగలిగిన సూక్ష్మజీవి వచ్చినప్పుడు వడపోత గుడ్డే వ్యాధికి నిలయమౌతుంది. అప్పుడు ప్లీహంలో చీముగడ్డలు పుడతాయి.

ప్లీహంలో చీముగడ్డలు అరుదు. వాటిని పుట్టించే సూక్ష్మజీవులలో తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది ఒకటి ఉంది. అది వరిమడి బురదలో నివసిస్తుంది. అది తెచ్చే వ్యాధి పేరు మెలియాయిడోసిస్. మందు ఉన్న వ్యాధే ఇది. ఆ మందు సకాలంలో అందడం మాత్రం రోగనిర్ణయం మీద ఆధారపడి ఉంది, రోగనిర్ణయం ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

క్లేటన్‌కు వచ్చిన పెద్దాయన

ఈ వ్యాధి నిర్ణయం ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పిపోతుందో చూపడానికి ఒక కల్పిత కథ ఉపకరిస్తుంది. ఇందులోని మనుషులు ఎవరూ నిజవ్యక్తులు కారు. జరిగే విషయాలు మాత్రం వైద్య గ్రంథాలలో పదే పదే కనిపించేవే.

మెల్‌బోర్న్ నగరానికి ఆగ్నేయంగా, నగర కేంద్రం నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న శివారు క్లేటన్. మోనాష్ విశ్వవిద్యాలయం, మోనాష్ మెడికల్ సెంటర్, సి.ఎస్.ఐ.ఆర్.ఓ. ప్రయోగశాలలు, ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. చదువుకోవడానికి వచ్చి ఉద్యోగాలలో కుదురుకొన్న తెలుగు కుటుంబాలలో ఒకదానికి, కృష్ణా డెల్టా నుంచి అరవై రెండేళ్ళ తండ్రి వచ్చాడని అనుకోండి. పన్నెండేళ్ళుగా ఆయనకు మధుమేహం. సార్వా నాట్లు దగ్గరుండి వేయించి, సెప్టెంబరులో విమానం ఎక్కాడు. బయలుదేరడానికి ముందే పది రోజులపాటు జ్వరం వచ్చింది. ఊళ్ళో టైఫాయిడ్ అని మందులు వాడారు. జ్వరం తగ్గినట్లే తగ్గింది.

క్లేటన్‌లో రెండవ వారం మళ్ళీ సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, ఎడమ పక్క ముల్లు గుచ్చినట్లు నొప్పి మొదలయ్యాయి. ఆకలి పోయి బరువు తగ్గింది. ఇంటి దగ్గరి వైద్యుడు ఎక్స్‌రే తీయిస్తే ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. భారతదేశం నుంచి వచ్చినవాడు, జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, ఊపిరితిత్తిలో మచ్చ: ఈ నాలుగూ కలిస్తే ఎవరికైనా మొదట తోచేది క్షయ. ఆ తోచడం తప్పు కాదు. భారతదేశంలో మెలియాయిడోసిస్ రోగులలో చాలామందికి మొదట క్షయ మందులే ఇచ్చినట్లు వైద్య పత్రికలలోని నివేదికలు చెబుతున్నాయి. కఫంలో క్షయ సూక్ష్మజీవి కనిపించకపోయినా, "కనిపించకుండా ఉండి ఉంటుంది" అనుకొని చికిత్స ప్రారంభించడం అనేకచోట్ల జరిగేదే. ఆ విధంగా నెలలు గడిచిపోతాయి.

మన కథలో పెద్దాయన నొప్పి ఎడమ పక్కన కావడం మేలు చేసింది. పొట్టకు సి.టి. స్కాన్ తీశారు. ప్లీహంలో చిన్న చిన్న నల్లని మచ్చలు ఏడెనిమిది, కాలేయంలో తేనెపట్టువలె గదులు గదులుగా ఉన్న గడ్డ ఒకటి కనిపించాయి.

ఆసుపత్రిలో అంటువ్యాధుల విభాగపు వైద్యురాలు వచ్చి కూతురి ద్వారా అడిగింది: "గత సంవత్సరంలో ఎక్కడెక్కడ ఉన్నారు? పొలంలోకి, బురదలోకి దిగారా?"

పెద్దాయన ఆశ్చర్యంగా చూసి అన్నాడు: "పొలంలోకి దిగకుండా నాట్లెలా వేయిస్తానమ్మా? కాలికి గాజుపెంకు గుచ్చుకొంటే కట్టు కట్టుకొని మరీ దిగాను."

స్కాన్ యంత్రం చెప్పలేని మాట అది.

స్కాన్ చెప్పేది, చెప్పలేనిది

ప్లీహంలోని నల్లని మచ్చలు ఎన్నో విధాలుగా రావచ్చు. గుండె కవాటాలకు సూక్ష్మజీవులు పట్టినప్పుడు అక్కడి నుంచి రాలిన తునకలు రక్తంతో వచ్చి ప్లీహంలో ఇరుక్కుంటాయి. టైఫాయిడ్‌కు, దాని దాయాదులకు కారణమైన సాల్మొనెల్లా, పచ్చిపాలతో వచ్చే బ్రుసెల్లా, క్షయ, శిలీంధ్రాలు, కొన్ని రకాల కాన్సరు, ఇవన్నీ స్కానులో ఇంచుమించు ఒకే విధంగా కనబడగలవు. అయితే మధుమేహం ఉన్న రోగి, వరిపొలాల దేశం, ప్లీహంలోనూ కాలేయంలోనూ ఒకేసారి అనేక గడ్డలు, ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు అనుభవం గల వైద్యులు మెలియాయిడోసిస్‌ను పట్టికలో పైకి తెస్తారు. పురుషులలో ప్రోస్టేట్ గ్రంథిలో కూడా గడ్డలు ఏర్పడడం ఈ వ్యాధికి మరొక గుర్తు. అందువల్లనే డార్విన్ నగరపు ఆసుపత్రిలో ఈ వ్యాధి తేలిన పెద్దవారందరికీ, పొట్టలో నొప్పి ఉన్నా లేకపోయినా, పొట్టకూ కటిభాగానికీ స్కాన్ తీయడం ఆనవాయితీ.

స్కాన్ చూపేది చోటును మాత్రమే. దోషి పేరు చెప్పవలసింది ప్రయోగశాల. అక్కడ మరో చిక్కు ఉంది. రోగి ఎక్కడి నుంచి వచ్చాడో వైద్యురాలికి తెలిసినా, రక్తపు సీసా మీద ఆ మాట ఉండకపోతే ప్రయోగశాలలోని వారికి తెలియదు. మెల్‌బోర్న్ నుంచి డార్విన్ మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. డార్విన్, టౌన్స్‌విల్ ప్రయోగశాలలలో ఈ సూక్ష్మజీవి పాత చుట్టం. చలిదేశమైన విక్టోరియాలో అది వచ్చిపోయే అతిథి, అదీ ఏ ప్రయాణికునితోనో.

రంగూన్ నుంచి డార్విన్ దాకా

ఈ వ్యాధి వైద్య చరిత్రలోకి ఎక్కిన నగరం తెలుగువారికి పరాయి ఊరు కాదు. అది రంగూన్. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో కోరంగి, కాకినాడ, విశాఖపట్నం తీరాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలు అక్కడి రేవులోను, బియ్యం మిల్లులలోను వేల సంఖ్యలో పనిచేసేవారు. బర్మీయులు వారిని కోరంగీలని పిలిచేవారు. ఆ నగరపు ఆసుపత్రిలో శవపరీక్షలు చేసే ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి 1911 ప్రాంతంలో ఒక వింతను గమనించారు. మార్ఫియా సూదులకు అలవాటుపడి చిక్కి శల్యమైన పేదల శవాలలో ఊపిరితిత్తులు జున్నుముక్కవలె గట్టిపడి ఉన్నాయి. కాలేయంలో, ప్లీహంలో, మూత్రపిండాలలో చీముగడ్డలు ఉన్నాయి.

చీములో కనిపించిన సూక్ష్మజీవి, గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని పోలి ఉంది. అయితే ఇది స్వయంగా కదులుతుంది, అది కదలదు. ఇది పెప్టోన్ అగార్ మీద త్వరగా పెరుగుతుంది. గినీపందులకు ఎక్కించినప్పుడు గ్లాండర్స్‌లో కనిపించే ప్రత్యేక లక్షణం దీనిలో కనిపించలేదు. ఈ తేడాలను ఆధారంగా చేసుకొని 1912లో వారిద్దరూ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఇది అంతవరకూ ఎవరూ వర్ణించని కొత్త వ్యాధి అని ప్రకటించారు. వ్యాధికి చాలాకాలం విట్‌మోర్ పేరే నిలిచింది. కృష్ణస్వామి పేరు పాత సంచికలు తిరగవేసేవారికే తెలుసు. ఇది న్యాయంగా లేదు. 1917లో ఆయన ఇదే విషయం మీద మళ్ళీ వ్రాశాడు కూడా.

1921లో మలయాలో పనిచేసిన స్టాంటన్, ఫ్లెచర్ అనే వైద్యులు దీనికి మెలియాయిడోసిస్ అని నామకరణం చేశారు. గాడిదలకు వచ్చే గ్లాండర్స్ వంటి రోగానికి గ్రీకు భాషలో ఉన్న పేరు నుంచి ఈ మాట పుట్టింది. "దానివంటిది" అని భావం. సూక్ష్మజీవి ఇంటిపేరు మాత్రం పలుమార్లు మారింది. చాలాకాలం సూడోమోనాస్ కుటుంబంలో ఉండి, 1992లో బర్ఖోల్డేరియా సూడోమాలై అయింది. సూడోమాలై అంటే దొంగ గ్లాండర్స్ అన్నమాట.

ఆస్ట్రేలియాలో ఇది మొదట కనిపించింది గొర్రెలలో, 1949లో, క్వీన్స్‌లాండ్‌లోని వింటన్ వద్ద. మరుసటి ఏడు టౌన్స్‌విల్‌లో మొదటి మనిషి. 1989 అక్టోబరు నుంచి రాయల్ డార్విన్ ఆసుపత్రిలో ప్రతి మెలియాయిడోసిస్ రోగి వివరాలూ ఒక అధ్యయనంలో నమోదు చేస్తున్నారు. దీనికి సారథి బార్ట్ కర్రీ. ముప్పై సంవత్సరాలలో 1148 మంది రోగులు లెక్కకు వచ్చారు, 133 మంది మరణించారు. ఈ సగటు కన్న దానిలోని మార్పు ముఖ్యం. మొదటి అయిదేళ్ళలో నూటికి 31 మంది పోగా, చివరి అయిదేళ్ళలో నూటికి ఆరుగురే పోయారు. సూక్ష్మజీవి మెత్తబడలేదు. వైద్యులు ముందుగా అనుమానించడం, ప్రయోగశాల త్వరగా పట్టుకోవడం, సరైన మందు మొదటి రోజునే ఇవ్వడం, ప్రాణాపాయంలో ఉన్నవారికి మంచి ఇంటెన్సివ్ కేర్ దొరకడం, వీటివల్లనే ఆ ప్రాణాలు నిలిచాయి. ఆ రోగులలో సుమారు 45 శాతం మందికి మధుమేహం ఉంది.

భారతదేశంలో ఈ వ్యాధి మీద తొలి నివేదికగా సాధారణంగా పేర్కొనేది 1991లో ముంబయి నుంచి వచ్చింది. రంగూన్ కనుగోలుకు, దీనికి మధ్య దాదాపు ఎనభై సంవత్సరాలు. ఆ ఎనభై ఏళ్ళూ భారతదేశపు మట్టిలో ఇది లేకపోయిందని ఎవరూ నమ్మరు. ఆ తరువాత వెల్లూరు, మణిపాల్ వంటి వైద్య కేంద్రాలు వెదకడం మొదలుపెట్టేసరికి రోగులు వరుసగా కనబడ్డారు. 2016లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి వస్తుంది, 89,000 మంది మరణిస్తారు. ఆ భారంలో 44 శాతం దక్షిణాసియాదే. ఇది గణితం మీద ఆధారపడిన అంచనా, తలలు లెక్కపెట్టిన సంఖ్య కాదు. 2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెం గ్రామంలో కొద్ది నెలలలో ఇరవైకి పైగా మరణాలు సంభవించినప్పుడు, మెలియాయిడోసిస్ కారణం కావచ్చునన్న అనుమానంతో వైద్య బృందాలు గ్రామస్థుల రక్త నమూనాలు సేకరించాయి. ఈ వ్యాధి పేరు తెలుగు దినపత్రికల మొదటి పుటలకు ఎక్కింది అప్పుడే. అనుమానం వేరు, నిర్ధారణ వేరు. ఆ రెండింటి మధ్య దూరం దాటించేది ప్రయోగశాలలోని రసాయనశాస్త్రం.

ప్రయోగశాలలో పొడుపుకథ

పెద్దాయన రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలలో పోసి వెచ్చని పేటికలో ఉంచారు. రెండవ రోజు యంత్రం గంట మోగించింది: ఏదో పెరుగుతున్నది. గాజుపలక మీద చుక్క వేసి రంగులు అద్ది చూస్తే ఎర్రని చిన్న కడ్డీలు, గ్రామ్-నెగటివ్ జాతి, కనిపించాయి. కొన్ని కడ్డీలకు రెండు కొసలే రంగు పట్టి నడిమి భాగం వెలవెలబోయి ఉంది. పాఠ్యగ్రంథాలు దీనిని పిన్నీసుతో పోలుస్తాయి. ఈ రూపం మరికొన్ని సూక్ష్మజీవులకూ ఉంది కాబట్టి ఇది సాక్ష్యం కాదు, సూచన మాత్రమే.

తరువాతిది ఆక్సిడేజ్ పరీక్ష. టెట్రామిథైల్ పారాఫినిలీన్ డయమీన్ అనే రంగులేని ద్రావణంలో తడిపిన కాగితం మీద సూక్ష్మజీవులను కొద్దిగా రాస్తారు. వాటి శ్వాసక్రియలో సైటోక్రోమ్-సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటే, ద్రావణంలోని అణువులు ఎలక్ట్రానులను పోగొట్టుకొని క్షణాలలో ముదురు ఊదారంగుకు తిరుగుతాయి. ఇక్కడ తిరిగింది. దీనితో టైఫాయిడ్ కుటుంబమంతా పట్టిక నుంచి తొలగిపోయింది, ఎందుకంటే ఆ కుటుంబానికి ఈ ఎంజైము లేదు.

అయినా చిక్కు తీరలేదు. ఆక్సిడేజ్ ఉన్న గ్రామ్-నెగటివ్ కడ్డీ అనగానే చాలా ప్రయోగశాలలకు స్ఫురించేది సూడోమోనాస్. నీళ్ళలో, ఆసుపత్రి కుళాయిలలో, ఎక్కడపడితే అక్కడ ఉండే ఆ జాతి రక్తపు సీసాలో కనిపిస్తే, "బయటి నుంచి పడిన కల్మషం" అని కొట్టివేయడం కద్దు. రోగి ప్రాణాన్ని పట్టిచ్చే సాక్షిని వాకిటి నుంచే పంపివేయడం ఈ చోటనే జరుగుతుంది.

ఇక్కడ మూడు మందుబిళ్ళల పరీక్ష ఆశ్చర్యకరంగా పనిచేస్తుంది. సూక్ష్మజీవులను పరచిన అగార్ మీద జెంటామైసిన్, కొలిస్టిన్, కో-అమాక్సిక్లావ్ అద్దిన మూడు కాగితపు బిళ్ళలను పెడతారు. సామాన్యపు సూడోమోనాస్ ఎరుగినోసా మొదటి రెండింటికీ లొంగి, మూడవదానికి లొంగదు. మెలియాయిడోసిస్ సూక్ష్మజీవి నడక దీనికి సరిగ్గా తలక్రిందులు: మొదటి రెండింటినీ లక్ష్యపెట్టక, మూడవదాని చుట్టూ పెరగలేక ఆగిపోతుంది.

దీని వెనుక ఉన్న కారణం రసాయనజ్ఞులకు ముచ్చట గొలిపేది. జెంటామైసిన్ కణంలోపలికి వచ్చినా, ఈ సూక్ష్మజీవి గోడలో ఉన్న ప్రోటీను పంపు దానిని వచ్చినదాన్ని వచ్చినట్లే బయటకు తోడిపోస్తుంది. కొలిస్టిన్ కథ వేరు. ధనావేశం గల ఈ మందు, సూక్ష్మజీవుల పైపొరలోని ఫాస్ఫేట్ల ఋణావేశాన్ని పట్టుకొని పొరను చీలుస్తుంది. ఈ జీవి ఆ ఫాస్ఫేట్ల మీద ధనావేశం ఉన్న ఒక అమీనో చక్కెరను తొడిగి ఉంచుకొంటుంది. ధనానికి ధనం వికర్షణ గదా, మందు దగ్గరకు రాలేదు. బోర్నియో ద్వీపంలోని సరవాక్‌లో మాత్రం జెంటామైసిన్‌కు లొంగే రకాలు దొరికాయి. ప్రకృతి ఏ సూత్రానికైనా ఒక అపవాదాన్ని అట్టిపెట్టుకొంటుంది.

ఈ మొండితనాన్నే వలగా మార్చినవాడు టౌన్స్‌విల్‌కు చెందిన లెస్లీ ఆష్‌డౌన్. 1979లో ఆయన ప్రకటించిన అగార్‌లో జెంటామైసిన్ కలిపి ఉంటుంది, కాబట్టి పోటీదారులు చాలావరకు మరణిస్తాయి. లీటరుకు 5 మిల్లీగ్రాముల క్రిస్టల్ వయొలెట్ గ్రామ్-పాజిటివ్ జాతులను అణచివేస్తుంది. 50 మిల్లీగ్రాముల న్యూట్రల్ రెడ్ రంగును, 4 శాతం గ్లిసరాల్‌ను పీల్చుకొని ఈ సూక్ష్మజీవి సమూహాలు కొద్ది రోజులలో ఊదారంగు తిరిగి, ఎండిన పువ్వువలె ముడతలు పడతాయి. ఒకసారి చూసినవారు మరచిపోరు. ఖరీదైన యంత్రమేదీ అక్కరలేని ఈ పళ్ళెం, కఫం, గొంతు, మూత్రం, పుండు వంటి ఇతర జీవుల సంత నుంచి కూడా దోషిని వేరుచేసి చూపగలదు. జిల్లా ఆసుపత్రికి ఇంతకన్న తగిన సాధనం కనబడదు.

అధునాతన యంత్రాలు లేవని కాదు. లేజరు కాంతితో సూక్ష్మజీవి ప్రోటీనులను ఎగరగొట్టి, వాటి భారాలను తూచి పేరు చెప్పే మాల్డి-టాఫ్ యంత్రాలు అనేక పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. నిమిషాలలో పని జరుగుతుంది. అయితే ఆ యంత్రం తన గ్రంథాలయంలో ఉన్న పేర్లలోనే ఒకటి చెప్పగలదు. గ్రంథాలయంలో ఈ జీవి లేకపోతే, దాదాపు నిరపాయకరమైన దాని సోదరి బర్ఖోల్డేరియా థాయిలాండెన్సిస్ పేరు చెప్పి ఊరుకొంటుంది. మరికొన్ని స్వయంచాలక పరికరాలు బర్ఖోల్డేరియా సెపేసియా అని పొరబడిన సందర్భాలు ఉన్నాయి. అనుమానం మిగిలినప్పుడు, ఈ జీవికే ప్రత్యేకమైన జన్యుభాగాన్ని వెదికే పి.సి.ఆర్. పరీక్ష నిర్ణయం చేస్తుంది. సూక్ష్మజీవి తన చుట్టూ కప్పుకొనే చక్కెరల దుప్పటిని ప్రతిదేహాలతో గుర్తించే కాగితపు పట్టీలు కూడా వచ్చాయి, గర్భనిర్ధారణ పట్టీలవలె. చీముమీద ఇవి బాగా పనిచేస్తాయి. రక్తంలో జీవుల సంఖ్య తక్కువ కాబట్టి అక్కడ అంత నమ్మకం లేదు.

రక్తంలో ప్రతిదేహాలను కొలిచే పరీక్షతో తేల్చవచ్చు గదా అనిపించవచ్చు. వరిపొలాల దేశాలలో వ్యాధి లేనివారి రక్తంలోనూ అవి ఉంటాయి, మృత్యుముఖంలో ఉన్నవారిలో కొందరికి ఉండవు. అందువల్ల పెంచి చూడడమే నేటికీ ప్రమాణం. అదీ సంపూర్ణం కాదు. ఉన్న రోగులలో ఒక విడత పెంపకపు పరీక్షలు సుమారు 60 శాతం మందినే పట్టుకొంటాయని థాయిలాండ్‌లో జరిగిన గణన చెబుతున్నది. "రక్తంలో ఏమీ పెరగలేదు" అన్న నివేదిక వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని కాదు. రక్తంతోపాటు మూత్రం, గొంతు, కఫం, చీము అన్నీ పంపాలి, అవసరమైతే మళ్ళీ పంపాలి. ఆరోగ్యవంతుని ఒంటిలో సాధారణంగా నివసించే జీవి కాదు కనుక, వీటిలో ఎక్కడ ఒక్కటి పెరిగినా వ్యాధి ఉన్నట్లే లెక్క.

ప్రయోగశాలకు ముందుగా చెప్పడానికి మరొక కారణమూ ఉంది. ఈ జీవి గాలి ద్వారా కూడా సోకగలదు. పళ్ళెం మూత తీసి వాసన చూడడం పాత తరపు ప్రయోగశాలలలో అలవాటు. ఈ విషయంలో ఆ అలవాటు ప్రమాదకరం. ఏమి వస్తున్నదో తెలిస్తే అక్కడివారు రక్షణ పేటికలోనే పని చేస్తారు.

నాలుగు వారాల సూది, మూడు నెలల బిళ్ళ

పేరు తెలిసిన తరువాత చికిత్సలో సందేహాలు తక్కువ. థాయిలాండ్‌లోని ఉబోన్ రాచథానిలో జరిగి 1989లో ప్రచురితమైన ఒక పరిశోధన, అంతవరకూ వాడిన మందుల మిశ్రమంతో 74 శాతంగా ఉన్న మరణాలు సెఫ్టాజిడిమ్‌తో 37 శాతానికి పడిపోయాయని నిరూపించింది. ఇప్పటికీ సెఫ్టాజిడిమ్, లేదా ప్రాణాపాయంలో మెరోపెనెమ్, మొదటి దశలో నరంలోకి ఇస్తారు. సామాన్యంగా కనీసం రెండు వారాలు, ప్లీహంలోను కాలేయంలోను గడ్డలుంటే కనీసం నాలుగు వారాలు. ఆ పిమ్మట ట్రైమిథోప్రిమ్, సల్ఫామిథాక్సజోల్ కలిసిన బిళ్ళలు మూడు నెలలు. ప్లీహంలోని చిన్న గడ్డలు చాలావరకు మందుతోనే మానిపోతాయి, కోత అక్కరలేదు. పెద్దవైతే సూదితో చీము తీస్తారు.

జ్వరం పోవడానికి వారం పైన పట్టవచ్చు. మందు పనిచేయడం లేదని కుటుంబం బెంబేలెత్తేది అప్పుడే. జ్వరం పోయిన తరువాత మరో ప్రమాదం: బాగున్నాం కదా అని బిళ్ళలు మానివేయడం. భక్షక కణాలలో దాగిన జీవులు కొన్ని మిగిలి, నెలలకో సంవత్సరాలకో తిరిగి లేస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో ఖైదీగా ఉన్న ఒక సైనికునికి 62 సంవత్సరాల తరువాత ఈ వ్యాధి బయటపడినట్లు నివేదిక ఉంది. అంత దీర్ఘనిద్ర బహు అరుదు. సోకినవారికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలలోపే లక్షణాలు కనిపిస్తాయి.

ప్రయాణం చేయనివారికి రాదన్న నియమం కూడా 2021లో సడలింది. అమెరికాలో నాలుగు రాష్ట్రాలలో నలుగురికి మెలియాయిడోసిస్ వచ్చి ఇద్దరు మరణించారు. వారెవరూ విదేశాలకు వెళ్ళలేదు. చివరకు భారతదేశంలో తయారైన ఒక సుగంధ ద్రవ్యపు సీసాలో, గదిలో చల్లుకొనే రకంలో, ఆ సూక్ష్మజీవి దొరికింది. సుమారు 3,900 సీసాలను అంగళ్ళ నుంచి వెనక్కు తీసుకొన్నారు. మరుసటి సంవత్సరం మిసిసిపీ రాష్ట్రపు సముద్రతీరపు మట్టిలోనూ, నీటిలోనూ ఈ జీవి ఉన్నట్లు తేలింది.

ఇదంతా చదివి, స్వదేశం నుంచి వచ్చిన ప్రతి జ్వరమూ ఇదేనని భయపడడం తగదు. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ, క్షయ, ఇవన్నీ దీనికన్న తరచుగా వచ్చేవి, ముందుగా వాటినే చూడాలి. అయితే మధుమేహమో, మూత్రపిండాల జబ్బో, అతిగా మద్యపానమో ఉండి, వానకాలంలో ఊరికి వెళ్ళివచ్చినవారికి మామూలు మందులకు లొంగని జ్వరం ఉంటే, ఏ ఊరు, ఏ నెల, నేలతో నీటితో ఎంత సంబంధం అన్నది అడగకపోయినా వైద్యునికి చెప్పడం మంచిది. తల్లిదండ్రుల తరఫున మాట్లాడే పిల్లలు "ఇండియా నుంచి వచ్చారు" అని మాత్రమే చెప్పి ఊరుకొంటారు. మన కథలోని కూతురికి తండ్రి కాలిలో గాజుపెంకు గుచ్చుకొన్న సంగతి ఆ రోజు వరకూ తెలియదు.

క్లేటన్‌లో ఆ పెద్దాయన నాలుగు వారాలు సూదిమందు తీసుకొన్నాడు. అందులో చివరి పక్షం ఇంటి నుంచే, నర్సు వచ్చి చేతికి గొట్టం తగిలించి వెళ్ళే పద్ధతిలో. రెండవ స్కానులో ప్లీహంలోని మచ్చలు సగానికి సగం తగ్గాయి. బిళ్ళల మూడు నెలలు ముగించుకొని ఆయన ఊరికి బయలుదేరేటప్పుడు, కూతురు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొని పెట్టెలో పెట్టింది. దమ్ము చేసిన మడిలో బూటు దిగితే బూటు అక్కడే ఉండిపోతుంది, కాలొక్కటే పైకి వస్తుంది. ఆయన ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. వచ్చే సార్వాకు గట్టు మీద కుర్చీ వేయించుకొని కూర్చుంటానని మాత్రం ఒప్పుకొన్నాడు.